దిష్టి కట్టిన డ్రిఫ్టర్లు

నవంబరు 6, సింగరాయకొండ

ఇందుమూలముగా నాకు నేను తెలియజేసుకొనునది ఏమనగా, నాకు కోపం రాలేదు.

వచ్చుంటే శరత్‌చంద్ర సార్ బల్ల మీదున్న గ్లోబు ఈపాటికి కిటికీ అవతల వేపచెట్టు కింద ఉండేది. అది బల్ల మీదే ఉంది. ఉత్తర ధ్రువం దగ్గర సొట్ట పడి ఉంది గానీ, అది పాత సొట్ట.

జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకుంటాను, రేపు నా మీద నాకే అనుమానం రాకుండా. పోయిన వారం ఫ్యాక్టరీ పైపు రాబోయే చోట సముద్రంలో ఐదు డ్రిఫ్టర్లు, అంటే నీళ్ళతో పాటు పోతూ దారి చెప్పే బెండ్లు, వదిలాను. రెండు దక్షిణంగా పోయాయి. మూడు వెనక్కి తిరిగి పట్టపుపాలెం ఒడ్డుకి వచ్చాయి. పొద్దున ఆ ఐదు దారుల్నీ రంగురంగుల్లో గీసి, పటాన్ని సార్ ముందు పెట్టాను, శుభలేఖ పెట్టినంత వినయంగా. సార్ కళ్ళజోడు సర్దుకున్నారు.

"మహిమా, ఈ మూడూ తీసెయ్."

"ఎందుకు సార్?"

"అవుట్‌లయర్లు. లెక్కలో ఇమడనివి. నవంబర్లో ఇక్కడ ప్రవాహం దక్షిణానికి. నేను చదువుకునేటప్పటి నుంచీ పుస్తకాల్లో ఉన్నదే. నీ మూడింటినీ పడవలవాళ్ళు ఎత్తుకొచ్చి ఉంటారు."

"మరి ఆ రెండింటినీ ఎత్తుకుపోలేదంటారా సార్?"

"అవి సరైన దిక్కుకే వెళ్ళాయిగా!"

అంటే, సార్ అనుకున్న జవాబు రాసినవాడు చదివి రాసినట్టు. వేరే జవాబు రాసినవాడు కాపీ కొట్టినట్టు. ఈ మాట, దీనికంటే ఘాటైనవి ఇంకో నాలుగు నాలుక చివరిదాకా వచ్చాయి. వాటిని మింగేసి "సరే సార్" అన్నాను. సముద్రశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి నేను గట్టిగా నేర్చుకున్న రెండు పదాలు అవే.

తీసెయ్యటం అంటే ఏదో గీత చెరపటం కాదు. మిరపకాయల్లోంచి రంగు పిండే ఫ్యాక్టరీ ఒకటి వస్తోంది ఇక్కడికి. కాయలు పిండగా మిగిలిన నీళ్ళు పైపులో సముద్రంలోకి వదులుతారట. ఆ నీళ్ళు ఎటు పోతాయో చెప్పటానికే మా ప్రాజెక్టు. దక్షిణంగా, లోతుకి పోతే ఎవరికీ బాధ లేదు. వెనక్కి తిరిగితే పాలెం వాకిట్లోకి వస్తాయి. వాళ్ళు వలలు వేసేది అక్కడే, పీతలు పట్టేది అక్కడే, పిల్లలు రోజంతా మునిగి తేలేది అక్కడే. డిసెంబరు 11న ప్రజాభిప్రాయ సేకరణ. ఆ మూడు గీతలు లేకపోతే ఇక పైపుకి అడ్డే లేదు.

అయినా నాకు కోపం లేదు.

నవంబరు 7

కోపం లేదు. రాత్రి అన్నం తినకపోవటానికి కారణం మెస్సులో దోసకాయ పప్పు.

నవంబరు 9

నాన్న ఫోన్ చేశాడు. మా నాన్న జక్రయ్య గారికి సత్తెనపల్లి చుట్టుపక్కల మిరప చేలల్లో కూలిపని. కూతురికి సముద్రంలో ఉద్యోగం అని ఊరంతా చెప్పుకున్నాడు గానీ, ఆ ఉద్యోగం ఏమిటో ఆయనకి ఇంకా అంతు చిక్కలేదు.

"ఏమే, పని యాడిదాకా వచ్చింది?"

"కొలుస్తున్నాం నాన్నా."

"ఇంకా కొలవటమేనా? సముద్రం ఎటన్నా పారిపోద్దా ఏంది?"

"అదే కదా కొలిచేది, ఎటు పారిపోతోందా అని."

"నీళ్ళు ఎటు పోతున్నాయో ఎట్టా తెలుసుద్దే?"

"కాలవలో కాగితం పడవ వేసి చూస్తాం కదా, అట్టాగే. కాకపోతే కాగితం పడవని గాలి తోసేస్తుంది. మాకు గాలి సంగతి అక్కర్లేదు, నీళ్ళ సంగతి కావాలి. అందుకని పైన చిన్న బెండు ఉంచి, కింద నీళ్ళలో నిలువుగా నాలుగు గుడ్డ రెక్కలు కడతాం. నీళ్ళు ఎటు నడిస్తే గుడ్డ అటు నడుస్తుంది. పైన డబ్బాలో ఫోను లాంటిది ఉంటుంది. అది ఎక్కడున్నానో ఎక్కడున్నానో అని మాకు కబురు పెడుతూ ఉంటుంది."

"నువ్వు చెప్పా పెట్టకుండా పొయ్యేదానివి. నీ బెండే నయం." మళ్ళీ తనే, "ఆ గుడ్డంటే మన కల్లంలో కాయలు ఆరబోసే పట్టానేనా, మొన్న నువ్వు మడతపెట్టి పట్టుకపోయింది?"

"అదే నాన్నా. గట్టిది. నీళ్ళకి చిరగదు." ఆ పట్టా కత్తిరించిన రోజు మా ల్యాబ్‌లో సార్‌తో సహా అందరూ సాయంత్రం దాకా తుమ్మారని చెప్పలేదు.

ఆ తర్వాత నాన్న గొంతు తగ్గింది. "ఆ ఫ్యాక్టరీ వస్తే మన కాయకి మంచి గిరాకీ అంటన్నారే ఇక్కడ. నువ్వేమన్నా అడ్డం పడతన్నావా?"

"నేనెక్కడ పడ్డాను? నీళ్ళే అడ్డం తిరిగాయి." మూడు డ్రిఫ్టర్ల కథ చెప్పాను.

అవతల పక్కన ఎవరో ట్రాక్టరు స్టార్ట్ చేస్తున్న చప్పుడు.

"ఆ ఒడ్డున పిల్లలుంటారా?"

"ఉంటారు."

"నువ్వు చెప్పేది నిజమైతే గట్టిగా చెప్పు. కాకపోతే నోరు మూసుకో."

మా నాన్న ప్రసంగాలెప్పుడూ ఇంతే పొడవు. మా చర్చి పాస్టరు గారు కొంచెం నేర్చుకుంటే ఆదివారాలు మధ్యాహ్నం కూర వేడిగా తినొచ్చు.

నవంబరు 12

శ్రీదుర్గతో గొడవ. కాదు, శాస్త్రీయ చర్చ.

శ్రీదుర్గ మా ప్రాజెక్టులో మిగతా సగం. నేను నీళ్ళలో తడిసి కొలుస్తాను, ఆమె ఏసీలో కూర్చుని కంప్యూటర్‌లో సముద్రాన్ని నడిపిస్తుంది. పూజారి గారి అమ్మాయి కావటంతో కంప్యూటర్ ఆన్ చేసే ముందు దండం పెట్టుకుంటుంది. ఆ కంప్యూటర్ని చూస్తే నాకూ పెట్టాలనే అనిపిస్తుంది.

"నీ మోడల్లో పాలెం ఎక్కడుందే?" అన్నాను.

తెర మీద సముద్రం మొత్తం గళ్ళు గళ్ళుగా ఉంది, లుంగీలాగా. ఒక్కో గడిలో ఒక్క బాణం. ఒక గడి మీద వేలు పెట్టింది. "ఇందులో."

"ఇందులో అంటే? ఈ గడిలో సగం నేల, సగం సముద్రం. బాణం మాత్రం ఒకటే!"

"సగటు తీస్తుంది మరి."

"అంటే పాలెం లేదన్నమాట."

"ఉందే. సగటులో ఉంది."

ఈ సగటు అనే మాట కనిపెట్టినవాడు నాకు దొరకాలి. ఒక రసగుల్లా, ఒక పచ్చిమిరపకాయ కలిపి తింటే సగటున సాంబారు తిన్నట్టు అవుతుందా? హైవే మీద లారీలన్నీ నెల్లూరు వైపే పోతుంటాయి. అంతమాత్రాన పక్కన సర్వీసు రోడ్డులో ఆటో వెనక్కి తిరిగి రాదా? లోపల లోతులో పెద్ద ప్రవాహం దక్షిణానికి పోతోంది, ఒప్పుకుంటాను. దాని అంచున, ఒడ్డు పక్కన, నీళ్ళు సుడి తిరిగి వెనక్కొస్తాయి. ఇవాళ ఒకలా, రేపు ఇంకోలా. ఆ తేడాల్ని చదవటమే కదా మా చదువు! తేడా కనబడగానే తీసెయ్యమంటే ఇక మేమెందుకు? పుస్తకమే పడవెక్కి పోవచ్చు.

ఇదంతా శ్రీదుర్గకి చెప్పాను. ఓపికగా విని, "నువ్వు చెప్పింది బాగుంది. ఒకటి అడుగుతా, కోప్పడకు," అంది. "ఒడ్డుకొచ్చిన మూడింట్లో రెండింటికి తెల్లారేసరికి వేగం ఒక్కసారిగా పెరిగిందేంటే?"

"పోటు."

"పోటుకి అంత వేగమా?"

"అమావాస్య పోటు."

"అయినా సరే, మహిమా..."

"శ్రీదుర్గా, నువ్వెవరి వైపు?"

"నేను గళ్ళ వైపు," అని నవ్వి టీకి వెళ్ళింది.

నవంబరు 13

పోటే. ఇంకేం కాదు.

నవంబరు 14

మళ్ళీ చూడలేదు. చూడాల్సిన పని లేదు. పోటే.

నవంబరు 17

పోటు కాదు.

పోలేరయ్య. మేము అద్దెకి తీసుకునే పడవ ఆయనదే. ఇవాళ పాలెం వెళ్ళాను, ఒడ్డుకొచ్చిన డ్రిఫ్టర్లని ఎవరైనా కళ్ళారా చూశారేమో, వాళ్ళ మాట సార్‌కి చెబుదామని. పోలేరయ్య వల బాగుచేసుకుంటున్నాడు. ఆయన భార్య ఆదెమ్మ ఇసుకలో నెత్తళ్ళ చేపలు ఎండబోస్తోంది.

"నా బెండ్లు ఒడ్డుకి రావటం చూశావా మామా?"

"చూడటమేంది పాపా, నేనేగా తెచ్చింది!"

ఒంట్లో రక్తం ఎటు ప్రవహించిందో ఆ క్షణాన కొలవలేదు.

"నీ పేరూ, ఫోను నెంబరూ రాసుండె. ఆడపిల్ల సామాను పాపం సముద్రంలో కొట్టుకపోతుండాదే అని, వేట కాడి నించి వస్తా వస్తా రెండిట్నీ పడవలో ఏసుకోనొచ్చి ఒడ్డున పెట్టా. ఫోన్ చేద్దామంటే బ్యాలెన్సు లేకపాయె."

ఆయన మొహంలో ఎంత సంతోషం! తప్పిపోయిన మేకపిల్లని ఇంటికి తోలుకొచ్చినట్టు. ఆ సంతోషాన్ని ఏం చేసుకోవాలి? మా సార్ ఏసీ గదిలో కూర్చుని, ఏమీ చూడకుండా, తప్పు కారణానికి చెప్పిన మాట నిజమైపోయింది. నేను నీళ్ళలో తడిసి, ఎండలో నల్లబడి, నిజం అని గొంతు చించుకున్నది నిజం కాకుండా పోయింది. దీనికంటే అన్యాయం బంగాళాఖాతంలో ఇంకోటి ఉంటుందా? ఆ వేగం నాకు కనపడలేదా? కనపడింది. దానికి అమావాస్య అని పేరు పెట్టుకున్నాను. సార్ పెడితే అవుట్‌లయర్, నేను పెడితే అమావాస్య.

"మూడోది కూడా నువ్వేనా?" అన్నాను, ఏడుపు ఆపుకుంటూ.

ఆదెమ్మ చేతిలో చేపలు వదిలేసింది. "దాన్నా? అమ్మో! దాన్ని మేం ముట్టుకుంటే ఒట్టు!"

అప్పుడు గుర్తొచ్చింది. డ్రిఫ్టర్లు పడవెక్కించే రోజు, కొత్త సామాను నీళ్ళలో దిగుతోందని ఆదెమ్మ ఒకదానికి నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి కట్టింది. కుంకుమ బొట్టు కూడా పెట్టింది. అప్పుడు నేను పడీ పడీ నవ్వాను.

"నువ్వు నవ్వితివి," అంది ఆదెమ్మ. "నిమ్మకాయ, మిరపకాయ కట్టి సముద్రంలో వదిలినదాన్ని ఎవుడన్నా ఎత్తుకుంటాడా? ఎవురిదో దిష్టి దాంట్లో పొయ్యింది. ఎత్తుకుంటే ఆ పీడ వాడి పడవకి చుట్టుకోదా? మా బావ పడవ దానికి ఎదురుపడితే, చుట్టు తిరిగొచ్చాడు తెలుసా!"

అంటే మూడోదాన్ని ఎవరూ ముట్టుకోలేదు. దాన్ని నీళ్ళే తెచ్చాయి. ప్రపంచంలో ఏ ప్రయోగశాలా కనిపెట్టలేని దొంగతన నిరోధక యంత్రం: ఒక నిమ్మకాయ, ఏడు మిరపకాయలు.

నవంబరు 18

నిజమైతే గట్టిగా చెప్పు అన్నాడు నాన్న. కాకపోతే ఏం చెయ్యాలో కూడా అన్నాడు. సార్ గదికి వెళ్ళి, రెండింటిని పడవలో తెచ్చారని చెప్పాను.

సార్ మొహం పెట్రోమాక్స్ లైటులా వెలిగింది. "నేను చెప్పలా?"

"చెప్పారు సార్. కానీ మూడోది నిజం."

"దానికి సాక్ష్యం?"

"దానికి నిమ్మకాయ కట్టారు సార్."

సార్ కళ్ళజోడు తీశారు. తుడిచారు. పెట్టుకున్నారు. "మహిమా, ఒంట్లో బాగుంటోందా?"

మొత్తం వివరించాను. "రిపోర్టులో నిమ్మకాయ అని రాయమంటావా? కంపెనీవాళ్ళ దగ్గర నా పరువేం కావాలి?" అన్నారు. అప్పుడు తలుపు దగ్గర నిలబడి ఉన్న శ్రీదుర్గ, నేను ఎప్పటికీ మర్చిపోలేని మాట అంది: "ఒకటి చాలదు సార్. ఎటూ చెప్పలేం. ఆ ఐదింటినీ పక్కన పెట్టి మళ్ళీ వదులుదాం, అన్నిటికీ కట్టి."

"వదులుకోండి. దక్షిణానికే పోతాయి," అన్నారు సార్.

గళ్ళ వైపున్న మనిషి నా వైపుకి వచ్చింది. టీ ఇప్పించాను. అల్లం టీ.

నవంబరు 24

కూరగాయల బజార్లో ఉండగా అమ్మ ఫోను.

"ఏం చేస్తన్నావే?"

"నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు కొంటున్నానమ్మా."

"వంట నేర్చుకుంటన్నావా! స్తోత్రం ప్రభువా!" అని అక్కడికక్కడే చిన్న ప్రార్థన కూడా చేసింది ప్రేమమ్మ గారు.

నేను అబద్ధమాడలేదు. ఆమె సంతోషానికి అడ్డు పడలేదు, అంతే.

సాయంత్రం పాలెంలో ఏడు డ్రిఫ్టర్లకి అలంకారం. ఈసారి నా పేరూ, నెంబరూ చెరిపేశాను. నీళ్ళకి చెరగకుండా కుంకుమ నూనెలో కలిపి బొట్లు శ్రీదుర్గ పెట్టింది, వాళ్ళ నాన్న గారి గుళ్ళో పెట్టినంత గుండ్రంగా. దండలు ఆదెమ్మ గుచ్చింది. నేను గుచ్చిన దండ చూసి విప్పేసింది. "ఉత్తుత్తిగా కడితే మా వాళ్ళు కనిపెట్టేస్తారు. దిష్టంటే దిష్టిలాగా ఉండాల."

బరువు మాత్రం నేనే సరిచూశాను. నిమ్మకాయ బరువుకి తగ్గట్టు కిందున్న ఇనప ముక్క తగ్గించి, బకెట్లో తేల్చి, బెండు మునుపటంతే పైకి ఉందని ఫోటో తీసి సార్‌కి పంపాను. చూసినట్టు నీలం గుర్తులు వచ్చాయి. జవాబు రాలేదు.

నవంబరు 27

వదిలాం. కంపెనీవాళ్ళు పైపు చోటు గుర్తుకని నీళ్ళలో వెదురు పాతి ఎర్రజెండా కట్టారు. సరిగ్గా ఆ జెండా పక్కన. పోలేరయ్య పడవ తిప్పి, వెనక్కి చూడకుండా ఒడ్డుకి కొట్టాడు. నన్నూ చూడనివ్వలేదు.

"వదిలింతర్వాత వెనక్కి చూడకూడదు పాపా."

"నేను చూడాల్సింది అదే కదా మామా."

"ఫోన్లో చూసుకో. ఫోనుకి దోషం లేదు."

నవంబరు 28

ఫోన్లో చూస్తున్నాను. దోషం లేదు. నిద్ర కూడా లేదు.

నవంబరు 30

పొద్దున్నే ఆదెమ్మ ఫోను. హలో లేదు, ఏమీ లేదు. "ఏం చేశావే మా ఊరికి?"

వెళ్ళేసరికి పాలెం పాలెమంతా ఒడ్డున నిలబడి ఉంది. ఒక్క పడవా నీళ్ళలోకి దిగలేదు. పిల్లల్ని ఇళ్ళలో పెట్టి తలుపులేశారు. ఇసుకలో, పడవల మధ్యన, బొట్లు పెట్టుకుని, నిమ్మకాయలు మెళ్ళో వేసుకుని, పెళ్ళివారిలా దర్జాగా పడి ఉన్నాయి నా డ్రిఫ్టర్లు. ఆరు. మామూలు అలల మీద, మామూలు నడకతో, మూడు రోజులూ తీరిగ్గా తేలుతూ వచ్చాయి. ఏ పడవా ముట్టుకోలేదు.

"ఎవురి దిష్టే ఇది? ఎవురికి తీశారే?" ఒక ముసలామె నా మీదకి వచ్చింది. ఇంకెవరో, "మతం కాని మతం పిల్ల, మన మీద ఏదో చేయించింది," అన్నారు. ఆదెమ్మ నా వైపు రాలేదు. అది ఎక్కువ నొప్పి పెట్టింది.

నాకు వచ్చిన పదాలన్నీ ఇంగ్లీషులో వచ్చాయి. వాటిని అవతల పారేసి, "మీ ఊరికి రమ్మని నేను చెప్పలేదు," అన్నాను. "ఆ ఎర్రజెండా దగ్గర వదిలాను. పోలేరయ్య మామే సాక్షి. అక్కడినించి నీళ్ళే తెచ్చాయి."

అందరూ జెండా వైపు చూశారు. ఇక్కడి నుంచి చిన్నగా, ఎర్రగా కనిపిస్తుంది.

"అంటే," అన్నాడు పోలేరయ్య నెమ్మదిగా, "ఆ పైపులోంచి వచ్చేది గూడా..."

"ఇదే దారి మామా. ఈ రోజుల్లో అయితే ఇదే దారి."

ఆదెమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఓసి నీ! రంగుల పటాలు పట్టుకోనొచ్చి ఎన్నాళ్ళ నించి సూపిస్తుంటివే! ఈ ముక్క ఇట్టా ముందే చెప్పుండొచ్చుగా!"

ఏడోది మాత్రం రాలేదు. మొదట్లో మిగతావాటి వెనకే వస్తోంది. మధ్యలో సిగ్నల్ పోయింది. మర్నాడు ఎక్కడో దూరంగా, దక్షిణాన, ఒకే ఒక్కసారి పలికి ఆగిపోయింది. సముద్రానికి దాని ఇష్టం దానికుంటుంది. ఒకటి దక్షిణం పోయిందని దాచకుండా రాస్తాను. నేను సార్ లాంటిదాన్ని కాదు.

డిసెంబరు 2

సార్ నిర్ణయం: ఆరు డ్రిఫ్టర్లు నిమ్మకాయల బరువు వల్ల ప్రవాహాన్ని సరిగ్గా అనుసరించలేదు. తీసెయ్.

"ఏడోదానికీ అదే నిమ్మకాయ ఉంది కదా సార్?"

"అది అనుసరించింది."

"బరువు సరిచూసి మీకు ఫోటో పంపాను సార్."

"చూశాను."

శ్రీదుర్గ గళ్ళ పటం మీద ఏడోదాని చివరి చుక్క పెట్టింది. సముద్రం గడిలో పడింది. సార్ దానికి ముచ్చటగా నీలిరంగు వేయించారు.

నాకు కోపం వచ్చింది. పెద్దక్షరాలతో రాద్దామంటే తెలుగులో పెద్దక్షరాలు లేవు. అందుకని ఇవాళ భాష మీద కూడా కోపం.

డిసెంబరు 11

ప్రజాభిప్రాయ సేకరణ. స్కూలు ఆవరణలో షామియానా. వేదిక మీద అధికారి గారు, కంపెనీవాళ్ళు, సార్. కాంట్రాక్టు సిబ్బంది మాట్లాడకూడదని సార్ కారులోనే చెప్పారు. నేను చివరి వరసలో, నోటికి కనపడని ప్లాస్టరుతో కూర్చున్నాను.

సార్ పటం చూపించారు. బాణాలన్నీ దక్షిణానికే. "సగటున" అనే మాట ఎన్నిసార్లు వాడారో లెక్కపెట్టడం మానేశాను. కంపెనీవాళ్ళు చప్పట్లు కొట్టారు.

అప్పుడు షామియానా వెనక కలకలం. పాలెం ఆడవాళ్ళు. ముందు ఆదెమ్మ. ఆరుగురూ ఆరు డ్రిఫ్టర్లని కర్రలకి తగిలించుకుని, ఒంటికి తగలకుండా చేతులు చాపి, తెచ్చి అధికారి గారి బల్ల ముందు వరసగా దించారు. నిమ్మకాయలు ఎండి ముడుచుకుపోయాయి. కుంకుమ మాత్రం చెక్కు చెదరలేదు. పక్కన కూర్చున్న కంపెనీ ఆయన కుర్చీతో సహా వెనక్కి జరిగాడు.

"ఏమిటమ్మా ఇవి?" అన్నారు అధికారి గారు.

"మా ఊరి ఒడ్డుకి కొట్టుకొచ్చిన దిష్టి సార్. యాడ వదిలారో, వదిలిన పిల్లనే అడగండి." ఆదెమ్మ వెనక్కి తిరిగి వేలు చూపించింది. "ఒసే మహిమా! యాడ వదిలావో చెప్పు!"

షామియానా మొత్తం నా వైపు తిరిగింది. సార్ కూడా. సార్ కళ్ళలో "సరే సార్" అనే రెండు పదాల కోసం వెతుకులాట కనిపించింది.

లేచి నిలబడ్డాను. "పైపు పెట్టే చోట సార్. ఎర్రజెండా పక్కన."

"మరి పటంలో ఇవి లేవే?"

సార్ గొంతు సవరించుకుని, ఏడోదాని సంగతి చెప్పారు. దక్షిణానికి వెళ్ళిందని. అధికారి గారు ఆరింటినీ చూశారు, పటంలో ఒక్క నీలి చుక్కనీ చూశారు. "ఆరు ఇటొచ్చి ఒకటి అటు పోతే, సగటున అటు పోయినట్టు ఎలా అయిందండీ?"

చప్పట్లు ఈసారి వెనక వరసల నుంచి. ఏడూ చేర్చి రిపోర్టు మళ్ళీ రాసివ్వాలని, అప్పటిదాకా పైపు మాట ఎత్తవద్దని రాయించారు.

బయటికొచ్చాక పోలేరయ్య అన్నాడు: "ఆ ఒక్కటీ పీడ లాగా తగులుకుంది పాపా. దాన్నే పట్టుకుంటారు వాళ్ళు."

డిసెంబరు 16

నా కాంట్రాక్టు పొడిగించటం లేదని తెలియజేయటమైనది. కారణం రాయలేదు. తీసెయ్ అంటే తీసేశారు. నేనిప్పుడు అధికారికంగా అవుట్‌లయర్‌ని.

కొత్త రిపోర్టు శ్రీదుర్గ రాస్తోంది. సార్ అందులో ఒక వాక్యం చెప్పి రాయించారట: "స్థానికంగా లభించే సహజ పదార్థాలతో శరత్‌చంద్ర బృందం రూపొందించిన చోరీ నిరోధక విధానం." నిమ్మకాయకి పేరు రాకపోతే పోయింది. ఆదెమ్మకైనా రావాలా వద్దా! చివర్లో మాత్రం, ఏడోదాని ఆధారంగా ప్రవాహ దిశ ఇంకా తేలలేదనీ, పైపు విషయం పరిశీలించవచ్చనీ రాయించారట.

ఏడోదాని మీద నాకు గౌరవం తగ్గుతోంది.

డిసెంబరు 22

గది ఖాళీ చేశాను. పాలెం వెళ్ళి చెప్పొచ్చాను. ఆదెమ్మ లోపలికి వెళ్ళి, నిమ్మకాయ, మిరపకాయల దండ తెచ్చి నా బ్యాగుకి కట్టింది.

"ఇదెందుకు అత్తా?"

"నిన్నెవరూ ఎత్తకపోకుండా."

నవ్వుదామనుకున్నాను. మొదటిసారి నవ్వాను కదా, ఈసారి నవ్వు రాలేదు.

డిసెంబరు 23, ఇంటి దగ్గర

యంత్రం పనితీరు అద్భుతం. పండగ రష్షులో బస్సంతా కిక్కిరిసి ఉంటే, నా బ్యాగు పెట్టిన పక్కసీటులో సత్తెనపల్లి దాకా ఒక్కరూ కూర్చోలేదు. ఒకాయన బ్యాగు చూసి గుంటూరు దాకా నిలబడే వచ్చాడు.

ఇంటికి రాగానే అమ్మ బ్యాగు అందుకుంది.

"ఇదేందే?"

"ముట్టుకోవద్దమ్మా! అది ఇన్‌స్ట్రుమెంట్."

"ఇన్‌స్ట్రుమెంటా? మిరపకాయలు వాడిపోతన్నయ్." ఒక్క లాగు లాగి దండ తెంచింది. గంట తర్వాత మిరపకాయలు పప్పులో ఉన్నాయి, నిమ్మకాయ నాన్న పళ్ళెం పక్కన కోసి ఉంది.

"ఘాటుగా బాగుంది," అన్నాడు నాన్న.

నా చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. "అమ్మా, అది దిష్టిది. నీకు భయం వెయ్యలేదా?"

"నాకెందుకే భయం? ప్రభువుండగా! నిమ్మకాయ నిమ్మకాయే గదా."

సముద్రంలో అన్ని పడవలూ ఆదెమ్మ బావవి కావు. మా అమ్మ లాంటివాళ్ళ పడవలు కూడా ఉంటాయి. ఈ ముక్క నాకు తట్టలేదేం? ఒకటి దక్షిణం పోయిందని ఒప్పుకున్న నా న్యాయబుద్ధికి నేనే మురిసిపోయి, దాన్ని దగ్గరగా చూడనే లేదు. ఎంగిలి చేత్తోనే శ్రీదుర్గకి మెసేజ్ పెట్టాను: "ఏడోదాని ఆఖరి చుక్కని గళ్ళలో చూడకు. గళ్ళు తీసేసి చూడు."

గంటలోపే ఫోను వచ్చింది.

"మహిమా, అది సముద్రంలో లేదే!"

"ఎక్కడుంది?"

"నేల మీద. దక్షిణాన ఒక రేవు ఒడ్డున, ఐసు ఫ్యాక్టరీ గోడ పక్కన. అక్కడి గడి కూడా సగం నేల, సగం నీళ్ళు కదా, మోడల్ సముద్రం అనేసింది. ఎవరో పడవలో వేసుకుపోయారు."

"సార్‌కి చెబుతావా?"

"చెప్పొచ్చే నీకు ఫోన్ చేస్తున్నా. పడవలవాళ్ళు ఎత్తుకెళ్ళినవి తీసెయ్యమన్నది మీరే కదా సార్ అన్నా."

"ఏమన్నారు?"

"కళ్ళజోడు సర్దుకున్నారు. తీసేశా."

ఇక రిపోర్టులో ఆరే ఉన్నాయి. ఆరూ పాలెం ఒడ్డుకే. నాన్నకి చెబితే, "గట్టిగా చెప్పావా?" అన్నాడు. చెప్పానన్నాను.

శ్రీదుర్గని ఒక్క వాక్యం చేర్చమన్నాను: ఈ విధానానికి ఒక లోపం ఉన్నది, ఇది ప్రేమమ్మ గారి లాంటివారి మీద పనిచేయదు. సార్ ఆ వాక్యాన్ని ఖచ్చితంగా కొట్టేస్తారు.

కొట్టేస్తే నాకు కోపం వస్తుంది. ముందే రాసి పెట్టుకుంటున్నాను.